ముందు బానెట్, తర్వాతే ప్రార్థన: బురుల్ ఒరోజలియెవా గారి పదవీ విరమణ వేళ

1988 మార్చి 14, సోమవారం. ఆనాటి ఉదయం మన జిల్లా అంబులెన్స్ గ్యారేజీ గేటు ముందు మంచు ఎత్తిపోస్తున్న డ్రైవర్లు, రాజధానిలోని సాంకేతిక విద్యాలయం నుంచి డిప్లొమా పుచ్చుకుని నియామక పత్రంతో వస్తున్న ఇరవైరెండేళ్ళ యువతిని చూసి, నర్సు కాబోలనుకుని, ఆసుపత్రికి దారి చూపించారట. ఆ యువతి ఆసుపత్రికి పోలేదు. నేరుగా షెడ్డులోకి నడిచి, మరమ్మతు గుంతలోకి దిగి, పైన నిలిచివున్న బండి అడుగుభాగాన్ని తేరిపార చూసి, "దీని ఆయిల్ ఆఖరిసారి ఎప్పుడు మార్చారు?" అని అడిగారు. శ్రీమతి బురుల్ ఒరోజలియెవా గారి ముప్పైఆరు సంవత్సరాల నిరంతర, నిష్కళంక సేవ ఆ ప్రశ్నతో ప్రారంభమైంది. ఈ నెలాఖరున వారు మన గ్యారేజీ సాంకేతిక విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు.

ఆనాటి మన బండ్లు ఆయిల్‌ను తాగుతూ, కారుస్తూ తిరిగేవి గనుక, దాన్ని ప్రత్యేకంగా మార్చే శ్రమ ఎందుకని డ్రైవర్లు పరిహాసమాడేవారు. తరువాత పాత దేశం కూలి కొత్త దేశం ఏర్పడింది, విడిభాగాలు రావడం ఆగిపోయింది, జీతాలు నెలల తరబడి అందలేదు. అయినా ఒక బండి ఎముకలతో మరో బండికి ప్రాణం పోస్తూ, లోయలోని ఏ గ్రామానికీ అంబులెన్స్ లేదన్న మాట రానివ్వకుండా ఆ గడ్డు దశాబ్దాన్ని బురుల్ గారు దాటించారు. తొలిరోజున గుంతలోంచి పైకి రావడానికి చెయ్యందించిన డ్రైవరు మెల్స్ సదిర్‌బాయెవ్ గారు ఆ చెయ్యి తిరిగి వదల్లేదు. మరుసటి వసంతంలోనే వారి వివాహం జరిగింది. మెల్స్ గారు నవ్వుతూ మాట్లాడే మనిషి, అంతకంటే ముఖ్యంగా, బండి మాట వినే మనిషి.

2009లో మనకు తొలి టర్బో అంబులెన్స్ వచ్చింది. తెల్లగా, నిగనిగలాడుతూ గేటులోకి వచ్చిన ఆ బండి మీద ముసలమ్మలు శుభానికని మిఠాయిలు చల్లారు. కనుమలు ఎక్కేటప్పుడు ఆయాసపడని బండి మన లోయకు అదే మొదటిది. పొగ గొట్టం వేడిగాలితో గిర్రున తిరిగే టర్బోలోని చిన్న చక్రం పలచని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుందనీ, ఆ వేడికి ఆయిల్ మామూలు ఇంజనులో కన్నా త్వరగా ముసలిదవుతుందనీ బురుల్ గారు డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి బోధించారు. ఎత్తు ఎక్కి ఆగాక ఇంజను వెంటనే ఆర్పవద్దన్నారు, కాసేపు ఊరికే తిరగనివ్వమన్నారు. కొత్త ఇంజను తొలి ఆయిల్‌లో ఇనుప రజను దిగుతుందని, వెయ్యి కిలోమీటర్లకే దాన్ని తీసివేయించారు. ఆ తరువాత ఎంతకు మార్చాలన్న విషయంలో మాత్రం తయారీదారుల పుస్తకాన్నే నమ్మారు. పుస్తకం పదిహేను వేలంది.

శీతాకాలం మధ్యలో ఒకనాడు మెల్స్ గారు ఆయిల్ కొలిచే కడ్డీని తీసుకొచ్చి వారి బల్ల మీద పెట్టారు.

"నల్లబడింది బురుల్. వేళ్ళ మధ్య రుద్దు, జిగురొస్తోంది."

"ఇంకా నాలుగు వేలుంది కదా."

"ఆ పుస్తకం రాసినోడు కారా-బెల్ ఎప్పుడైనా ఎక్కాడా? ఈ దుమ్ము తిన్నాడా?"

"ఎక్కలేదులే. నువ్వెక్కు. వచ్చే నెల్లో మారుద్దాం."

ఆ వారంలోనే కారా-బెల్ కనుమ మీద ఆ బండి ఆగిపోయింది. రోగి లేడు, మెల్స్ గారు ఒంటరిగా తిరిగి వస్తున్నారు. కనుమ మీద ఫోను పలకదు. కిందికి నడిచి సాయం తెచ్చుకోవచ్చనుకున్నారు. రోడ్డు తప్పి, ఇల్లన్నది లేని లోయ వైపు నడిచిన వారిని రెండవనాడు వెతికినవారు కనుగొన్నారు. ఇంజను విప్పితే ఆయిల్ దారిలో తారులాంటి ముద్ద కూరుకుని ఉంది. పుస్తకం చెప్పిన పదిహేను వేలు ఇంకా పూర్తి కాలేదు.

మెల్స్ గారి నలభయ్యో రోజు సంస్మరణ విందు ముగిశాక బురుల్ గారు విధులకు తిరిగి వచ్చి, గోడ మీద కొత్త నియమం రాయించారు: టర్బో బండికి పుస్తకం చెప్పిన దూరంలో సగానికే ఆయిల్, ఫిల్టరు మార్చాలి, దుమ్ము, ఎత్తు, చలి ఉన్న చోట సగమే నిండు దూరం. ఇంకొక పని కూడా మొదలుపెట్టారు. గురువారం మధ్యాహ్నం ప్రతి ఇంటా పోయినవారు తృప్తి పడతారని రొట్టెలు కాల్చి నూనె వాసన పెట్టడం మనకు ఉన్నదే. వారు మాత్రం ఇంట్లో కాకుండా, షెడ్డు మూలన కరెంటు పొయ్యి మీద మూకుడు పెట్టి, పత్తిగింజల నూనెలో ఏడు పలుచని రొట్టెలు కాల్చేవారు. మెల్స్ గారు ఇంటికంటే ఇక్కడే ఎక్కువ ఉన్నారు గనుక, వాసనకు ఇక్కడికే వస్తారన్నది వారి మాట. రొట్టెలు అందరం తిన్నాం. ఆ రోజుల్లో కొందరికి ఆ మూల గుండా ఒంటరిగా నడవడం ఇష్టముండేది కాదు, ఆ సంగతి దాచవలసిన పని లేదు.

మన ప్రస్తుత ప్రధాన వైద్యులు డాక్టర్ సుయుంబెక్ గారు వచ్చిన తొలి శీతాకాలం ఈ వ్యాసంలో తప్పక చెప్పుకోవలసినది. అప్పటికి లోయ మొత్తానికి రెండే బండ్లు: ఒకటి కొత్త టర్బో, రెండవది టర్బో అంటే ఏమిటో ఎరగని పాతది. జ్వరాలు లోయంతా చుట్టేసిన కాలమది. ఆయిల్ మార్చాలంటే ఫ్లషింగు, ఫిల్టరు, పరీక్ష అన్నీ కలిపి ఒక పూట బండి షెడ్డులో ఉండాలి. బురుల్ గారిని అందరిలాగే 'ఎజె', అంటే అక్కా, అని పిలిచే డాక్టర్ గారు ఆగమని బతిమాలారు.

"ఎజె, ఒక్క వారం ఆగండి. ఆ పూట ఎవరికైనా ప్రాణం మీదికొస్తే నేనేం చెప్పను?"

"కనుమ మీద ప్రాణం మీదికొస్తే ఏం చెప్తారు డాక్టర్?"

"పుస్తకంలో ఇంకా చాలా ఉందిగా."

"పుస్తకంలో ఉంది. మా ఇంట్లో మనిషి లేడు."

డాక్టర్ గారి భయమూ నిజమైనదే. ఒక వారం మరో వారమైంది, మరో వారం నెలైంది, సగం దూరం ఎప్పుడో దాటిపోయింది. బురుల్ గారు రోజూ ఉదయం ఆ బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి లోపలికి పోయేవారు.

అప్పుడే ఒక గురువారం మధ్యాహ్నం పురిటి నొప్పులు అడ్డం తిరిగిన ఒక ఇల్లాలిని, ఆమె అత్తగారిని, నర్సు నాజీరా గారిని ఎక్కించుకుని, డ్రైవరు తాలాంత్ టర్బో బండిలో కనుమ అవతలి పెద్దాసుపత్రికి బయలుదేరాడు. వాళ్ళు వెళ్ళిన కొంతసేపటికి బురుల్ గారు మూకుడు పెట్టారు. నూనె కాగింది. మొదటి రొట్టె వేయగానే షెడ్డంతా వాసన పరుచుకుంది, కానీ అది రొట్టె వాసన కాదు. మాడిన ఇంజను ఆయిల్ వాసన. వారు నూనె సీసా మూత తీసి చూశారు, స్వచ్ఛంగా ఉంది. గుంతలోకి వంగి చూశారు, పొడిగా ఉంది. షెడ్డులో ఉన్న పాత బండిని ఆ రోజు ఎవరూ స్టార్టే చేయలేదు. మూకుట్లో రొట్టె మాత్రం బంగారు రంగులో పొంగుతూ, తారు కంపు కొడుతోంది.

ఆ క్షణంలో భయం లేదనీ, కోపం ఒక్కటే మిగిలిందనీ వారే చెప్పారు. పొయ్యి ఆర్పి, పాత బండి తాళాలు తీసుకుని, కంబళ్ళూ వేడినీళ్ళ డబ్బా పడేసుకుని గేటు దగ్గరికి వచ్చారు. డాక్టర్ సుయుంబెక్ గారు ఎదురయ్యారు.

"ఎక్కడికి ఎజె?"

"కారా-బెల్‌కి."

"ఫోనొచ్చిందా?"

"వాసనొచ్చింది."

డాక్టర్ గారు చదువుకున్న మనిషి. ఆ చదువును గేటు దగ్గరే వదిలి, మందుల పెట్టె తీసుకుని పక్క సీటులో కూర్చున్నారు. అందుకు ఈ గ్యారేజీ వారికి సదా కృతజ్ఞతతో ఉంటుంది.

కనుమ మీద జరిగినది తాలాంత్ చెప్పినట్టే చెప్పడం ధర్మం. ఎత్తు ఎక్కడం మొదలైన చోట బండిలోకి వేయించిన రొట్టె వాసన వచ్చింది. కమ్మగా, ఇంట్లోలా. గురువారం కదా, కింద ఎవరో పోయినవాళ్ళకి పెడుతున్నారు అంది నాజీరా. అత్తగారు, నాజీరా, స్టీరింగు ఒక చేత్తో పట్టుకున్న తాలాంత్, అందరూ ప్రార్థన ముగింపుగా ముఖాల మీద చేతులు రాసుకుని "ఓమిన్" అన్నారు. చుట్టూ ఇల్లు లేదని, పొయ్యి లేదని, నూనె కాగే చోటు ఈ బానెట్ కింద తప్ప మరెక్కడా లేదని ఎవరికీ తట్టలేదు. పోయినవారు తృప్తి పడ్డారని తాలాంత్ సంతోషంగా గేరు మార్చాడు. మూడు మలుపుల తరువాత ఎర్రదీపం వెలిగింది, ఇంజను అరిచి బిగుసుకుపోయింది. టర్బో సీలు పోయి, ఆయిలంతా కాలే గొట్టం మీద పడుతూనే ఉంది. మెల్స్ గారి బండి ఆగిన మలుపు అదే.

బురుల్ గారు చేరేసరికి ఇంకా వెలుతురుంది. మంచు ఏకధారగా కురుస్తోంది. తాలాంత్ బండి తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. లోపల ఆ ఇల్లాలు మూలుగుతోంది.

"నడిచి వెళ్ళలేదేరా?" అన్నారు బురుల్ గారు.

"బయల్దేరా ఎజె. కొంచెం దూరం పోగానే రొట్టె వాసన ఆగిపోయేది. వెనక్కొస్తే మళ్ళీ వచ్చేది. ఎన్నిసార్లు పోయినా అంతే. ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టనిపించి, ఇక్కడే నిలబడిపోయా."

"అది మాడిన ఆయిల్ వాసన."

"ఆయిల్ మాడితే నాకు తెలీదా? అది రొట్టె ఎజె. మీ రొట్టె. ప్రతి వారం తింటున్నా, నాకు తెలీదా?"

బురుల్ గారు లోయ వైపు ఒకసారి తిరిగి చూశారు. తరువాత ఆ ఇల్లాలిని పాత బండిలోకి మార్చారు. కనుమ దిగుతుండగానే డాక్టర్ గారి చేతుల్లో మగబిడ్డ పుట్టాడు. దారిలో పుట్టాడు గనుక బాటసారి అన్న అర్థంలో జోల్చుబెక్ అని పేరు పెట్టారు, ఇప్పుడు బడికి పోతున్నాడు. షెడ్డుకు తిరిగి వచ్చాక చూస్తే మూకుట్లోని నూనె తేటగా ఉంది, రొట్టె చల్లారింది, దానికి రొట్టె వాసనే ఉంది.

లెక్కల విభాగంవారు ఈ ఉదంతాన్ని నమ్మరు. నమ్మమని ఎవరూ వారిని బలవంతపెట్టడం లేదు. బురుల్ గారు కూడా దీనికి అర్థం చెప్పలేదు. మరునాడు డ్రైవర్లందరినీ నిలబెట్టి, జీవితంలో మొదటిసారి గొంతు పెంచి చెప్పిన మాటలు మాత్రం మనందరికీ గుర్తున్నాయి.

"వాసనొస్తే ముందు బండి ఆపండి. బానెట్ తెరవండి. కడ్డీ తీసి చూడండి. ఓమిన్ తర్వాత అనండి. పోయినవాళ్ళకి తొందరేం ఉండదు."

ఆనాటి నుంచి డాక్టర్ సుయుంబెక్ గారు స్వయంగా సగం దూరపు తేదీలను గుర్తుచేస్తూ వచ్చారు. ఆయిల్ మార్చే పూట మిగిలిన ఒకే బండికి తోడుగా లోయను కాచుకోవడానికి పొరుగు జిల్లాతో ఒప్పందం కుదిర్చారు. కారా-బెల్ మీద ఆ తరువాత మన బండి ఏదీ ఆగలేదు. బురుల్ గారి సేవకు ఇంతకు మించిన ప్రశంసాపత్రం ఏ శాఖా ఇవ్వజాలదు. వారిలోని అపార కార్యదీక్షను, మాటల పొదుపును, రొట్టె పంచేటప్పుడు మాత్రం చూపే ధారాళతను స్మరించుకుంటూ, ఈ గ్యారేజీ వారిని బరువెక్కిన హృదయంతో సాగనంపుతున్నది.

గత గురువారం వారు సెలవులో ఉన్నారు. మూకుడు కడిగి బోర్లించి ఉంది, పొయ్యి తీగ ఊడదీసి ఉంది. టీ వేళకు షెడ్డులోకి వేయించిన రొట్టె వాసన వచ్చింది. కమ్మగా, నిండుగా, కొత్తగా వచ్చిన టర్బో బండి నిలబెట్టిన వైపు నుంచి. తాలాంత్ చేతులు ముఖం దాకా లేచి, మధ్యలోనే ఆగాయి. అతను వెళ్ళి బానెట్ తెరిచాడు. అందరూ చుట్టూ చేరారు. గొట్టాలు తడిమారు, కడ్డీ తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి వెలుతురులో పట్టారు. రెండు రోజులుగా కదలని ఇంజను మంచులా చల్లగా ఉంది. ఎక్కడా చుక్క కారలేదు. ఆయిల్ తేనె రంగులో ఉంది, సగం దూరానికి ఇంకా చాలా ఉంది. బానెట్ మూశాకే అందరూ ముఖాల మీద చేతులు రాసుకున్నారు.

బురుల్ ఎజె, మెల్స్ గారు ఇంకా ఇక్కడే ఉన్నారు, చూసుకుంటున్నారు, మేమూ చూసుకుంటాం. అభినందన వ్యాసంలో ఈ మాటలేమిటని కొందరు నొచ్చుకోవచ్చు గాని, మా కోరిక ఇదే: మీ పేరిట ఎవరైనా ఈ మూకుడు పొయ్యి మీద పెట్టవలసిన గురువారం మా ఎవరి జీవితకాలంలోనూ రాకూడదు. అంతవరకూ ఆరోగ్యంగా, ఆనందంగా, నిండు నూరేళ్ళూ మీరే వచ్చి కాల్చండి. వేడివేడిగా మేమే తింటాం.