ఎర్రబంతికి ఇరవై మార్కులు

సున్నానా అండీ? ఇరవై మార్కులకి సున్నా? పోనీ రెండు, పోనీ ఒకటి, మొహమాటానికైనా వెయ్యలేకపోయారా? కూర్చుంటాను లెండి, కూర్చోమన్నారు గనక. ఈ బల్లకి అవతలి పక్క పదమూడేళ్ళు కూర్చున్నవాణ్ణి. ఇవతలి పక్కనుంచి చూస్తే ఇది ఇంత ఎత్తుంటుందని నాకు ఇవాళే తెలిసింది.

మంచినీళ్ళు వద్దండీ, తాగే వచ్చాను. మా ఆవిడే ఇచ్చింది. ఇక్కడికి వస్తున్నానని ఆవిడకి చెప్పలేదు. కోర్టు దగ్గర పనుందన్నాను. రిటైరైన స్కూళ్ళ డిప్యూటీ ఇన్‌స్పెక్టరుకి కోర్టు దగ్గర పనేమిటని ఆవిడా అడగలేదు.

చూడండి వెంకటసుబ్రహ్మణ్యం గారూ, మీరు చిన్నవారు, పెద్ద చదువు చదువుకుని వచ్చారు. సోమవారం మా ఆవిడ బడి చూడ్డానికి గొడుగుపేటలో మా అరుగు ఎక్కారు. పంతొమ్మిదిమంది పిల్లలు. అయిదేళ్ళు దాటినవాడు ఒక్కడు లేడు. మగ్గాలవాళ్ళ పిల్లలు, బళ్ళు తోలేవాళ్ళ పిల్లలు, మా పక్కింటి ప్లీడరుగారి మనవరాలు. మంగినపూడి గవ్వలు ముందేసుకుని ఒకడు కూడుతున్నాడు, ఒకతి తీసేస్తోంది. బంకమట్టితో ఒకడు పడవ చేస్తున్నాడు. అందులో కూర్చోబెట్టడానికి మిమ్మల్నే చేశాడటగా, తలపాగాతో సహా? బాగా వచ్చిందని మా ఆవిడ దాచింది.

అదంతా చూసి ఏం రాశారు? ఉపకరణములు, సున్నా. మొత్తం ముప్ఫై ఎనిమిది. నలభై వస్తే గాని గుర్తింపు లేదు. గుర్తింపు లేకపోతే ఆవిడ రాసిచ్చిన చీటీ చూసి ఏ బడీ ఆ పిల్లల్ని ఒకటో తరగతిలో చేర్చుకోదు. చేర్చుకోని చోటికి పిల్లల్ని ఎవరు పంపుతారండీ? రెండు మార్కులు. రెండు మార్కుల కోసం యాభై దాటిన మనిషి తన చాపలు తను చుట్టుకోవాలి. 'ఈసారి కూడా మూసెయ్యమంటే ఇంక తెరవను' అంది. కేకలేసి అంటే భయం లేదు. వత్తులు చేసుకుంటూ అంది.

అసలు ఎవడండీ ఈ మార్కుల పట్టీ కనిపెట్టినవాడు? ఉపకరణాలకి ఇరవై. క్రమశిక్షణకి పాతిక. గోడమీద పటాలకి పది. పటాలు తిన్నగా వేలాడుతున్నాయా లేదా అన్నదానికి మళ్ళీ అయిదు! నాలుగేళ్ళ పిల్లలకి పటం వంకరగా ఉంటే చదువు ఒంటపట్టదా?

ఏమిటి, కింద చూడమంటారా? చూశాను. సంతకం నాదే. కాదన్నానా?

గుడివాడలో పంతుళ్ళ సభ పెట్టి మరీ చదివాను ఈ పట్టీ. చప్పట్లు కొట్టారు. కొట్టక ఏం చేస్తారు, వాళ్ళ బడులన్నీ నా చేతిలో ఉంటే? శోభనాద్రి అని దివిసీమ పంతులు ఒకడు లేచి, పిల్లలు సంతోషంగా ఉన్నారా లేదా అన్నదానికి కూడా ఒక గడి పెడితే బాగుంటుందేమో అన్నాడు. సంతోషాన్ని ఏ మానికతో కొలుస్తావయ్యా అన్నాను. అందరూ నవ్వారు, అతను కూర్చున్నాడు. ఆ రోజుల్లో నేనలాగే ఉండేవాణ్ణి. ఇంట్లో చారుకి కూడా మార్కులు వేసేవాణ్ణి. 'ఇవాళ అరవై' అంటే మా ఆవిడ 'పాసేగా' అని గిన్నె తీసుకుపోయేది.

ఆ కట్ట ఎందుకు విప్పుతున్నారు? వద్దు, ఆ కాయితం నేను గుర్తుపట్టగలను. పంతొమ్మిది వందల ఇరవై ఏడు, వేసవి సెలవులకి ముందు. ఇటివ్వండి, నేనే చదువుతాను. అబ్బ, ఇంగ్లీషులో ఎంత మర్యాదగా రాశాను! ఉపకరణములు లేవు. క్రమశిక్షణ బొత్తిగా లేదు. పిల్లలు అధికారిని చూసి లేచి నిలబడలేదు. గుర్తింపునకు తగదు. కింద భీమశంకరం అని తోక తిప్పిన సంతకం.

అంటే మీరు నా అడుగుజాడల్లోనే నడిచారన్నమాట. పెద్దవారు మీరే సున్నా వేశారు, నేనెంతటివాణ్ణి అంటారు. బాగుంది. పదకొండేళ్ళ కిందట నేను వేసిన సున్నా ఇన్నాళ్ళూ ఈ బీరువాలో కూర్చుని, నేను దిగిపోయి ఆవిడ బడి తిరిగి తెరిచాక మళ్ళీ మా ఇంటికే నడిచొచ్చిందన్నమాట.

పైవాళ్ళకి అప్పుడే రాశానండీ, అది మా ఇంటావిడ బడి, వేరే అధికారిని పంపండి అని. మీ నిష్పక్షపాతం మీద మాకు నమ్మకముంది, మీరే చూడండి అన్నారు. ఇంకేం కావాలి నాకు? సొంత పెళ్ళాం బడి మూయించిన మనిషి, నిప్పు, అని కోర్టు వరండాలో ప్లీడర్లు చెప్పుకున్నారు. నేను అటువైపు పనిలేకపోయినా రెండుసార్లు నడిచాను, వినడానికి.

ఒక్క నిమిషం. ఈ జేబులో ఒకటి తెచ్చాను. ఇదిగో. గుర్తుపట్టారా?

బంతే. ఎర్ర కొయ్యబంతి. చూశారా లేదా? పోయిన వారం దివిసీమలో కాలవ వెంట అయిదు బడులు చూశారు కదా, అయిదింటికీ ఉపకరణాలకి ఇరవైకి ఇరవై వేశారు కదా. తిప్పి చూడండి. ఈ రెండు గాట్లు చూశారూ? అవి మా లలిత పళ్ళు.

కంగారుపడకండి, చెబుతాను. మా అమ్మాయి పుట్టిన ఏడాది మద్రాసు నుంచి కిండర్‌గార్టెన్ పెట్టె తెప్పించాను. దిమ్మలు, రంగు పుల్లలు, ఈ బంతి. దానికి పళ్ళొచ్చేటప్పుడు ఇంకేమీ పట్టుకునేది కాదు, ఈ బంతే కొరికేది. తర్వాత పెట్టె అటకెక్కింది. ఇరవై ఏడులో మా ఆవిడ అరుగు మీద పిల్లల్ని పోగేసినప్పుడు దాన్ని దింపి, వడ్రంగిని పిలిచి బంతికి కొత్తగా ఎర్రలక్క వేయించింది. గాట్లు మాత్రం పూడ్చనివ్వలేదు.

సరిగ్గా అప్పుడే నా పట్టీ అమల్లోకొచ్చింది. దివిసీమ పంతుళ్ళు అయిదుగురి దగ్గరా ఉపకరణాలంటే ఇసకా, బెత్తమూను. నేను ఊళ్ళో లేనప్పుడు శోభనాద్రీ, కోటయ్యా, ఇంకో ముగ్గురూ వచ్చి మా ఆవిడ ముందు కూర్చున్నారట. అయ్యగారు సున్నా వేస్తే బడులు పోతాయమ్మా అన్నారట. ఆవిడ ఈ పెట్టె తీసి వాళ్ళ చేతుల్లో పెట్టింది. అయిదూళ్ళ పిల్లలూ వంతులవారీగా ఆడుకోనివ్వండి, మా వంతు ఆఖరున అంది. ఆ ఉద్దేశం చూడండి, ఆడుకోనివ్వండి అని. నాకు చెప్పలేదు. నిప్పుకి ఎవరు చెబుతారు?

ఇంక నా తనిఖీ. మొదటి బడిలో పిల్లలు చేతులు కట్టుకుని వరసగా కూర్చున్నారు. పంతులు పెట్టె తాళం తీసి బంతి పైకెత్తాడు. ఇదేమిటి? బంతండీ. ఏ రంగు? ఎరుపండీ. ఎలా ఉంది? గుండ్రంగా ఉందండీ. ఒకటే గొంతు. బంతి లోపలికి, తాళంచెవి మొలలోకి. ఇరవై మార్కులు. రెండో ఊళ్ళోనూ అదే పెట్టె, అదే పాట. మూడో ఊళ్ళో నాకు సరదా పుట్టి పచ్చపుల్ల ఒకటి పైకెత్తాను. ఎరుపండీ, గుండ్రంగా ఉందండీ అన్నారు. ఇరవై మార్కులు.

నాలుగో ఊరికి పడవలో వెళ్తుంటే కోటయ్య నా ఎదురుగా గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు. నా నీడ కనిపిస్తే లేచి నిలబడే మనిషి, ఆ రోజు కూర్చునే దణ్ణం పెట్టాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు. రేవు రాగానే సంచి నెత్తినెత్తుకుని గట్టు వెంబడి పరుగు! అరగంట పోయాక నేను అతని బడికి వెళ్తే పెట్టె బల్లమీద ఉంది, కోటయ్య చెమటలు కారుతూ పక్కన ఉన్నాడు. అయిదో బడి పంతులు నేను మార్కులు వేసి గడప దాటగానే పెట్టెకి తాళం వేసుకుని అత్తారింటికి వెళ్ళిపోయాడు. మర్నాడు నేను మా అరుగు ఎక్కేసరికి అక్కడ పెట్టె లేదు.

మీ మొహం అలా అయిపోయిందేమిటి? మీ తప్పేం లేదు నాయనా. మీరు ఊరికి కొత్త. ఎర్రబంతి చూపించారు, ఎర్రబంతని రాసుకున్నారు. కలం కింద పెట్టండి. వాళ్ళ మార్కులు కొట్టేస్తే మా ఆవిడ నన్ను గడప తొక్కనివ్వదు. నిన్న నేనే దివిసీమ వెళ్ళి శోభనాద్రిని అడిగి తెచ్చాను. పదకొండేళ్ళుగా ఆ పెట్టె అధికారికి ఒక ఊరు ముందు నడుస్తూనే ఉందిట. అడిగితే ముసలాయన ఏడ్చాడు. అమ్మగారికి మొహం చూపించలేక తిరిగి పంపలేదన్నాడు.

మీకు తెలియక వేశారు. నాకు తెలుసు.

ఆఁ. మొదటి ఊళ్ళోనే తెలుసు. నా కూతురి పళ్ళు నాకు తెలియవా? పంతులు బంతి పైకెత్తగానే ఆ గాట్లు కనిపించాయి. అది నా ఇంటి పెట్టె అని తెలిసే అయిదుసార్లు ఇరవై వేశాను. పైవాళ్ళకి వెళ్ళే కాయితంలో దివిసీమంతా ఉపకరణాలతో వెలిగిపోవాలి కదా, పట్టీ కనిపెట్టింది నేనాయె. ఆ తర్వాత మా అరుగు మీద నిలబడి, ఉద్యోగం గొంతు పెట్టి, ఉపకరణాలున్నాయా అని అడిగాను. 'ఉన్నాయండీ, ఇంకా రాలేదు' అంది మా ఆవిడ. లేవు అని రాశాను.

నిష్పక్షపాతమా? ఆ మాట కోర్టు వరండాకి ఉంచుకోండి. మీకు నిజం చెబుతాను. నేను గుమ్మంలో కనపడగానే ఊళ్ళకి ఊళ్ళు లేచి నిలబడ్డాయి ఆ వారమంతా. మా అరుగు మీద ఒక్కడు లేవలేదు. ఒక్కడు తిరిగి చూడలేదు. పున్నమ్మ అని ఇంతెత్తు పిల్ల, గవ్వలు అయిదేసి చొప్పున కుప్పలు పెడుతోంది. బూట్లతో వెళ్ళి నిలబడ్డాను. తల ఎత్తకుండా, 'జరుగు తాతా, గవ్వలు తొక్కుతున్నావు' అంది.

నాకప్పుడు నలభై అయిదండీ. వెనకాల మా బంట్రోతు వెంకటాద్రి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

దానికి వేశానండీ సున్నా. ఇంకే దానికీ కాదు. జరగమన్నందుకు.

ఆ పూట భోజనం దగ్గర మా ఆవిడ ఏమైనా అంటుందేమోనని చూశాను. సున్నా మాటే ఎత్తలేదు. మజ్జిగ పొయ్యడానికి వచ్చి ఒకటే అడిగింది. 'ఎర్రబంతికి లక్క బాగా పోయిందా?'

ఆవిడకి తెలుసు, నేను గుర్తుపట్టానని. 'ఏ బంతి?' అని ఉండొచ్చు నేను. అనలేకపోయాను. 'లేదు, కొత్తదానిలాగే ఉంది' అన్నాను, అదేదో శుభవార్తలాగ.

'అయితే ఆ పిల్లలెవరూ ముట్టుకోలేదన్నమాట' అంది. మజ్జిగ పోసి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు చాపలు చుట్టేసింది.

అంతే. ఇప్పుడు చూడండి, తిప్పి చూడండి. పదకొండేళ్ళలో ఎన్ని వందలమంది పిల్లల ముందు పైకెత్తారో దాన్ని. మా లలిత పళ్ళు తప్ప దానిమీద ఇంకో గీత ఉందా?

మీరేం రాస్తారో రాసుకోండి. రెండు మార్కులు వెయ్యమని అడగడానికే వచ్చాను, ఇప్పుడు ఆ నోరు కూడా లేదు. ఆ బంతి మాత్రం ఇలా ఇవ్వండి. ఇంటి దగ్గర పంతొమ్మిదిమంది ఉన్నారు. సాయంత్రానికల్లా దాని రంగు పోగొట్టేస్తారు.