మడతలో దాచిన గుడ్డ

ప్యాంటు గుండీ పట్టక అద్దం ముందు నిలబడ్డ, డైట్ క్లాసులు చెప్పే మాస్టారి నడుముకి దర్జీ టేపు చుట్టాడు.

"ఊపిరి వదలండి మాస్టారూ. బిగబడితే కొలత తప్పుతుంది."

"వదిలే ఉన్నాను."

"అయితే రెండంగుళాలు పెరిగారు."

"రేపు సభలో మాట్లాడాలయ్యా. అన్నం మానేసి కొవ్వు తినే కీటో డైటుతో జీవితాంతం సన్నగా ఉండడం ఎలా అని."

"మీకు ఆకలే చచ్చిపోయిందన్నారుగా?"

"కీటోలో ఉన్న రెండేళ్ళూ ఆకలి పుట్టించే హార్మోను నోరెత్తలేదు. కొలెస్ట్రాల్ పెరిగిందని డాక్టరు ఆపించాడు. ఆపానో లేదో, పగబట్టినట్టు లేచి కూర్చుంది."

"ఇప్పుడు బాగా ఆకలేస్తోందా?"

"తింటుంటే కూడా వేస్తోంది."

"రేపు సభలో ఇది కూడా చెబుతారా?"

"నీకెందుకయ్యా? ప్యాంటు సంగతి చూడు. వదులు చేద్దామంటే గుడ్డ కూడా లేదు. సన్నబడ్డాక దీన్ని బిగించినప్పుడు, ఇక లావెక్కేది లేదు, మిగిలింది కత్తిరించి పారెయ్యమని నేనే చెప్పాను."

"చెప్పారు. నేను కత్తిరించలేదు. లోపల మడిచి కుట్టాను, మూడంగుళాలుంది."

"అంటే నా మాట మీద నమ్మకం లేదన్నమాట."

"మీ ఒక్కరిదే కాదు మాస్టారూ, మీ క్లాసు వాళ్ళెవరివీ కత్తిరించలేదు."

"వాళ్ళూ వస్తున్నారా?"

"ఈ నెలంతా వాళ్ళే. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. అదిగో, ఆ కొక్కేలకి వేలాడేవన్నీ వాళ్ళవే."

"ఎన్నున్నాయి?"

"పద్నాలుగు. అందరికీ అర్జంటే. రేపు మీ సభకి వేసుకురావాలట."

"మరి నన్నేం చెప్పమంటావయ్యా వాళ్ళకి?"

"ముందు ఊపిరి వదలమనండి మాస్టారూ."