గోపాలు తూకం, చెంచురామయ్య తరుగు

"రెండు ముక్కల్లో తేల్చేస్తాను" అంటూ చెంచురామయ్య బల్ల మీద కూర్చున్నాడు. జూలూరుపాడులో ఆయన నోట ఆ మాట వినగానే టీకొట్టు మోతీలాల్ ఇంకో గిన్నెడు టీ నీళ్లు పొయ్యి మీద పెడతాడు. అప్పటికే పెట్టేశాడు కూడా.

ఆ రోజు మాత్రం ఆయన చూపు ఎదురుగా ఉన్న బడి మీదే ఉంది. లోపల నర్సు మంగ్లి పిల్లల్ని తూస్తోంది. ఆయన మనవడు గోపాలుకు తొమ్మిదో ఏడు. పోయినేడు ముప్పై ఎనిమిది కిలోలు తూగాడు, బడి మెట్లు నాలుగు ఎక్కితే ఆయాసపడ్డాడు. అప్పుడు మంగ్లి తల్లిదండ్రులందర్నీ వరండాలో కూర్చోబెట్టి, బొద్దుగా ఉండటమంటే బలంగా ఉండటం కాదని, ఇప్పుడే ఆపకపోతే ముందుముందు గుండెజబ్బు, చక్కెరజబ్బు పట్టుకుంటాయని చెప్పింది. మిగతావాళ్లు ఆ మాట వరండాలోనే వదిలేసి వెళ్లారు. చెంచురామయ్యకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి వేరేవి ఉన్నాయి.

"మా నాన్న కృష్ణ దాటి ఇక్కడికొచ్చిన కొత్తలో ఇదంతా అడవి. మా ఎద్దుల బండిని పులి తోసేది..."

"పోరగాని సంగతి చెప్పుండ్రి" అన్నాడు దేవ్లా. మిర్చి కాంటా దగ్గర బస్తాలెత్తే మనిషి.

"అక్కడికే వస్తున్నా. నర్సమ్మ ఏమంది? కూల్‌డ్రింకు వద్దు, కారప్పూస పొట్లాలు వద్దు, కడుపు నిండాక ముద్దలు కుక్కొద్దు, రోజూ నడిపించండి అంది. మా ఆవిడ రాఘవమ్మ నెయ్యి గిన్నె ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. నేను లొంగలా. మోపెడ్ తాళం బావిలో పారేశా. మొదటి నెల వాణ్ణి బడిదాకా నడిపించాను, రెండో నెల ఏన్కూరుదాకా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగో నెలకల్లా పొద్దున్నే భద్రాచలం వెళ్లి, గోదాట్లో మునిగి, మొదటి గంటకి బడిలో ఉండేవాడు."

"బస్సుకే మూడు గంటలు పడ్తది" అన్నాడు మోతీలాల్.

"బస్సు ఆగుతుందయ్యా. వీడు ఆగడుగా. ప్రతి ఆదివారం కాంటా మీద నిలబెట్టాను. ముప్పై ఆరు. ముప్పై. ఇరవై రెండు. దసరా నాటికి కాలు నేలకి ఆనడం మానేసింది. పత్తి చేలో దూదితో పాటు లేచాడు. రాఘవమ్మ వాడి మొలతాడుకి చేంతాడు కట్టి పట్టుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తాడు తెగింది. కిన్నెరసాని మీదుగా పోతుంటే కొంగలు వాడు తమ పెద్దేమో అనుకుని వెనకాలే బారు కట్టాయి. జామకాయ చూపిస్తే దిగాడు. కారప్పూస చూపిస్తే దిగలా, గుర్తుపెట్టుకోండి."

దేవ్లా గ్లాసు కింద పెట్టాడు. "అయ్యా, ఆ కాంటా పట్టింది నేనే గదా. మొదటి వారం గోనెసంచికని రెండు కిలోలు తీసెయ్యమన్నరు."

"తరుగు తియ్యడం ఆనవాయితీ."

"మిర్చికి. పోరగాడు సంచిల లేడు. తర్వాత తేమకని ఆరు తీసిండ్రు, తానం చేసి వచ్చిండని. ఆ పైన తాలుకు, మట్టికి ఎనిమిది. గట్ల ఇరవై రెండు అయ్యిండు. ముల్లు మాత్రం ఏడాది సంది ముప్పై ఎనిమిది మీదనే ఉన్నది."

చెంచురామయ్య ఖాళీ గ్లాసు ఎత్తి ఇంకోసారి తాగాడు.

అప్పుడే మంగ్లి బడి గేటు దాటి వచ్చింది, చేతిలో కార్డు.

"ఎంతమ్మా?" అన్నాడాయన. ఆ ఒక్క ముక్కే.

"ముప్పై ఎనిమిదే పెద్దయ్యా. గ్రాము తగ్గలే."

ఆయన తల దించుకున్నాడు.

"ఎత్తు మాత్రం నాలుగు వేళ్లు పెరిగిండు. నాకు కావాల్సింది గదే. ఎదిగే పిల్లగానికి బరువు దించే పని లేదు, పెరగకుంట ఆపితే ఎత్తే అందుకుంటది. మెట్లు ఉరుక్కుంట ఎక్కిండు, ఆయాసం లేదు. ఏం చేసిండ్రు మీరు?"

కొంగల సంగతి ఆయన ఎత్తలేదు. "వాడితో రోజూ బడిదాకా నడిచానమ్మా. ఇంట్లో అందరం కారప్పూస మానేశాం" అన్నాడు. మోతీలాల్ పొయ్యి వైపు తిరిగి కళ్లు తుడుచుకుని, పొగ ఎక్కువైందన్నాడు.

వచ్చే నెల తల్లిదండ్రుల మీటింగ్‌లో ఆయన్నే మాట్లాడమంది మంగ్లి. ఆ రోజు ఆయన మాట సాయంత్రందాకా సాగుతుందని ఊరివాళ్లు సద్ది కట్టుకుని వచ్చారు. చెంచురామయ్య లేచి మూడు వాక్యాలు చెప్పి కూర్చున్నాడు. మూడూ నిజాలే.