మా బడి వెనక గోడ

“అమ్మమ్మా, మా కాలేజీ పాత విద్యార్థుల సంఘంలో పనిచెయ్యమంటున్నారు. నువ్వూ మీ బడికి చేశావట కదా?”

ఆఁ, చేశాను. ఎవరు చెప్పారూ, మీ అమ్మా? చాలా ఏళ్ళే చేశాన్లే. మా నాన్నగారు మిలిటరీ కదా, కంటోన్మెంటు నుంచి బస్సులో వెళ్ళి చదువుకున్నాం ఆ తెలుగు బళ్ళో. మళ్ళీ తొంభైల్లో, మీ తాతయ్య రిటైరై జనక్‌పురిలో ఇల్లు తీసుకున్నాక, ప్రతి శనివారం పోయేదాన్ని. ఈ హిందీవాళ్ళ ఊళ్ళో పుట్టిన పిల్లలకి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే హిందీయే, నీలాగే... నవ్వకు! వాళ్ళకి పద్యాలు నేర్పడం, వార్షికోత్సవానికి నాటకం వేయించడం. అప్పుడు బడి బయట సమోసా రూపాయి... కాదు, రూపాయిన్నరేమో. సరే, నేను చెప్పొచ్చింది అది కాదు.

సుధాకరని, నా క్లాసువాడే. కాంట్రాక్టరయ్యాడు. బడి విడిచాక ఒక్కనాడూ గుమ్మం తొక్కనివాడు, ఓ రోజు మారుతి కారులోంచి లడ్డూల డబ్బాతో దిగాడు. “మన బడికి వెనక గోడ నేను కట్టిస్తా, పైసా ఇవ్వక్కర్లేదు” అన్నాడు. ఇంకేముంది, పూలదండలు! నాకు మాత్రం మనసు ఒప్పలేదమ్మా. ఇన్నేళ్ళూ లేని ప్రేమ ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడిందీ? పైగా బడి వెనక ఖాళీ స్థలం వాడే కొన్నాడని విన్నాను. విమలతో అన్నాను. విమలంటే నా నేస్తం, సంఘానికి సెక్రటరీ. “నువ్వు కోడిగుడ్డు మీద ఈకలు పీకుతావే” అంది.

తరవాతి శనివారం వెళ్ళేసరికి గ్రౌండులో సున్నంతో గీత గీసేశారు, గోడకి. చూద్దును కదా, మా చేతిపంపు గీతకి అవతల ఉంది! ఖోఖో ఆడి ఆ పంపు దగ్గరే కదా నీళ్ళు తాగేవాళ్ళం! సుధాకర్ని అడిగితే పకపకా నవ్వాడు. “అరే సరోజా, ఆ పంపు మనదెప్పుడే? పక్కవాళ్ళది. మనం దొంగతనంగా తాగేవాళ్ళం, మర్చిపోయావా?” అన్నాడు. ఎంత నమ్మకంగా అన్నాడనుకున్నావ్! ఒక్క క్షణం నా జ్ఞాపకమే తప్పేమో అనిపించింది.

అయినా కాళ్ళు ఆగలేదు. పంపు దాటి నేరేడు చెట్టు కిందకి వెళ్ళాను. అక్కడ బడి పేరు చెక్కిన హద్దురాయి ఉండాలి. లేదు! చుట్టూ నేలంతా ఎండకి బీటలు తీసి ఉంటే, ఆ రాయి ఉండేచోట మాత్రం మట్టి మెత్తగా, కొత్తగా ఉంది. వెతగ్గా వెతగ్గా, ఎక్కడుందో తెలుసా? పునాదికి పోసిన రాళ్ళ గుట్టలో, బోర్లా!

దాని మీద కూర్చున్నాను. “ఆంటీజీ, హటియే” అంటాడు మేస్త్రీ. హెడ్‌మిస్ట్రెస్ వచ్చేదాకా లేవను ఫో అన్నాను. ఆవిడొచ్చింది, రాయి తిప్పించి చూసింది. విమల మొహం పాలిపోయింది. సుధాకర్ మాత్రం, “అయ్యయ్యో, కూలీలు చూసుకోలేదండీ” అన్నాడు. నిజమేనా? ఏమో. నేనైతే ఇవాళ్టికీ నమ్మను.

గోడ నేరేడు చెట్టు అవతలే లేచింది. దానిమీద పేరు మాత్రం వాడిదే! ప్రారంభం రోజున, “సరైన హద్దు చూపించిన మా సరోజ” అని మైకులో పొగిడి నాకు శాలువా కప్పాడు. కప్పుతూ చెవి దగ్గర మెల్లిగా, “చాలా అలిసిపోయావు. ఇంక శనివారాలు ఇంటిపట్టునుండు” అన్నాడు. అభిమానమో, బెదిరింపో.

మళ్ళీ శనివారం అందరికంటే ముందు గేటు దగ్గర నేనే ఉన్నాను.

చెయ్యమ్మా, తప్పకుండా చెయ్యి. చదువు చెప్పిన చోటు, తల్లిలాంటిది. నూరేళ్ళు చల్లగా ఉండు. కాకపోతే, ఆ సంఘంలో చేరమంటున్నాయన... అసలు ఎవరమ్మా ఆయన? ఏం చేస్తుంటాడు?