మర్చిపోయిన నాన్న

భర్త ఎండలో నిలిపిన కారులో పాపను మర్చిపోయి ఆఫీసుకు వెళ్లాడు. పాప దక్కలేదు. ఇప్పుడు భార్య, ఆమె అక్క కోర్టు వరండాలో కూర్చున్నారు.

"అక్కా, ఆయన్ని వదిలెయ్యమని జడ్జిగారికి చెప్తాను."

"మతి పోయిందా? ఊరంతా దుమ్మెత్తిపోస్తోంది. కన్నతండ్రి ఎలా మర్చిపోతాడే?"

"రోజూ పాపను క్రెష్‌లో నేనే దింపేదాన్ని. ఆ రోజు నాకు జ్వరం. పాపేమో వెనక సీట్లో నిద్రపోయింది."

"అయితే తప్పు లేదంటావా?"

"ఉంది. కానీ సాయంత్రం పాపను తీసుకురావడానికి క్రెష్‌కి వెళ్లాడక్కా. అక్కడే ఉందనుకున్నాడు."

అక్క ఆమె దగ్గరికి జరిగింది.

"క్షమించేశావా?"

"ఇంకా లేదు. కానీ ఆయన జైలుకెళ్తే, పాప గురించి నేనెవరితో చెప్పుకోను?"

"పిలుస్తున్నారు, లే. నేనూ నీ పక్కన నిలబడతాను."