పచ్చగా ఉన్న పైరు

కాదు సుష్మా, ఒక్క మాటే గదా మార్చినానంటావా? కూర్చో. పోదువులే. నేను చెప్పేది ఇనేసి పో.

తెలుగు మీడియంలో చదివి పరిశోధనకొచ్చిన దాన్ని. సైన్సు ఇంగ్లీషులో ఒక పదానికి నిర్వచనం ఎట్ల రాయాలో నాకు నేర్పింది ఎవురే? నువ్వే గదా! "రూతూ, అది ఏ రకందో ముందు చెప్పు, తక్కినవాటి నుంచి ఎట్ల వేరో తర్వాత చెప్పు. 'సాధారణంగా', 'కొంతవరకు' అని నాన్చొద్దు. చదివినోడికి రెండో అర్థం తట్టకూడదు" అంటివి. క్యాంటీన్లో టీ చల్లారిపోతాంటే గూడా దిద్దిస్తివి. మనసులో నీకు దండం పెట్టుకున్న్యా.

ఆ పద్ధతిలోనే రాసినా గదా, మన కరువు రిపోర్టులో 'క్రాప్ ఫెయిల్యూర్' అంటే ఏందో? పైరు పచ్చగా ఉన్నా, ఎండినా, కాయలో గింజ పట్టకపోతే పంట పోయినట్టే అని. శింగనమలలో నువ్వు గూడా చూసినావే! మా చేన్లో శెనక్కాయ చెట్టు పీకి నాయన నీ చేతిలో పెట్టలేదా? పైన నిగనిగలాడే ఆకు. కింద కాయ కాసే ఊడలు మట్టిలోకి దిగనే లేదు. ఆ పొద్దు మాయమ్మ పెట్టిన సంగటి తిని, "వీళ్ల కత అందరికీ చెప్దాం రూతూ" అనలేదా?

మరి నేను జరమొచ్చి ఇంటికాడ పడుంటే, 'పైరు ఎండిపోవడం' అని మార్చేస్తివే! ఏమంటివి? ఉపగ్రహం ఫోటోలో గింజ కనపడదా? ఆకే కనపడతాదా? మన గైడు సార్ తొందరపెట్టినాడా? అయ్యో, నీ దగ్గర ఫోన్ లేదా తల్లీ?

ఏమైందో తెల్సా? పక్క చేను ఎర్రప్ప మామ ఇంటికొచ్చినాడు. "ఏమప్పా, మన మండలంలో పైరు పచ్చగానే ఉందంట, పంట పోలేదంట. కరువు సాయం రాదంట. ఆ రిపోర్టు చూసే తేల్చినారంట. దాంట్లో మొదటి పేరు నీ బిడ్డదే గదా?" అన్న్యాడు.

నాయన నా దిక్కు చూసినాడు. తిట్టలేదు సుష్మా. "నువ్వు చూసే గదమ్మా రాసినావు?" అన్న్యాడు. అంతే.

ఏం చెప్పల్ల నేను?

నీ వాక్యం బాగుండాదే. ఎవురూ వంక పెట్టలేరు. అబద్ధాన్ని గూడా అంత తేటగా రాయొచ్చని మాత్రం నాకు చెప్పకపోతివి.

పొద్దున్నే సార్‌కు చెప్పేసినా, రిపోర్టులోంచి నా పేరు తీసేయండని. ఆ రిపోర్టు లేకపోతే నా డాక్టరేట్ ఆగిపోతాదా? తెలుసులే.

ఏడవాకు. నీ పేరు మొదటికొస్తాది గదా... రానీ.