ఓదార్చకూడని ఉద్యోగం

తెనాలి స్టేషను, రెండో ప్లాట్‌ఫారం, పొద్దునపూట. రేపల్లె ప్యాసింజరు దిగిన ఏసుపాదం మాస్టారూ, ఆయన కూతురు జెస్సీ సికింద్రాబాద్ రైలు కోసం బెంచీ మీద కూర్చున్నారు. ఎక్కాల్సింది జెస్సీ ఒక్కతే. సినిమాలూ, టీవీ చానళ్ళూ, ఫోన్లో చూసే షోలూ అన్నీ తీసే పెద్ద కంపెనీ ఆఫీసులో రేపు ఆమె చేరాలి. ఇంటి దగ్గర అనలేని మాట పెట్టె కింద పెట్టాక అనేసింది.

"ఎక్కను నాన్నా."

"ఏంటి?"

"రైలొచ్చినా ఎక్కను. ఆ ఉద్యోగం నాకొద్దు."

"భయమేస్తందా? కొత్త ఊరంటే ఎవరికైనా..."

"భయం కాదు. అసహ్యం."

"అసహ్యమేంటమ్మా. ఆఫీసేగా. నువ్వేమన్నా మొహానికి రంగేసుకోవాలా, గంతులెయ్యాలా. కుర్చీ, కంప్యూటరు, ఏసీ. కారు ఇంటికే వచ్చిద్దన్నావు."

"అన్నాను. ట్రైనింగుకి వెళ్ళకముందు అన్నాను."

"మూడు రోజుల ట్రైనింగులో అంత ఏం చూశావు?"

"అదే చెప్పబోతున్నా. నువ్వు వినిపించుకోవట్లా."

"వింటన్నా కదా. కానీ ముందు ఇది చెప్పు. ఆదివారం గుళ్ళో నిన్ను ముందుకు పిలిచి పాస్టరయ్యగారు తల మీద చెయ్యేసి ప్రార్థన చేశారు. స్త్రీల సమాజం వాళ్ళు బైబిలూ దుప్పటీ పెట్టారు. ఇప్పుడు ఇదే పెట్టె మోసుకుంటా మధ్యాహ్నానికి రేపల్లెలో దిగితే ఏం చెప్పాలి? దేవుడిచ్చాడు, మా అమ్మాయి వద్దందని చెప్పాలా?"

"చెప్పు. దుప్పటి తిరిగిచ్చేద్దాం."

"వెటకారం వద్దు."

"వెటకారం కాదు నాన్నా. అక్కడ నా పనేంటో ఎప్పుడైనా అడిగావా?"

"కథలు చూసే పనన్నావు."

"కథలు కాదు, మనుషులు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న వాళ్ళని స్టేజీ ఎక్కించి మాట్లాడించే ప్రోగ్రాం కొత్తది మొదలుపెడుతున్నారు. ఆ మనుషుల్ని వెతికి పెట్టడం నా పని. మా అమ్మ పోయింది, మా ఆయన పోయాడు అని ఎంతమంది రాస్తారో తెలుసా? వాళ్ళకి నేను ఫోన్ చెయ్యాలి. చేసి మార్కులెయ్యాలి."

"దేనికి మార్కులు?"

"ఏడుపుకి. పదికి ఇన్నని."

"సరిగ్గా అర్థం చేసుకున్నావా..."

"పోయి ఏడాది లోపయితే ఎక్కువ. ఏడాది దాటితే తగ్గించాలి. జబ్బుతో పోతే తక్కువ, ఉన్నట్టుండి పోతే ఎక్కువ. చిన్నపిల్లలయితే చెప్పక్కర్లా. ముప్పై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దావుగా, నువ్వు చెప్పు, దీనికి ఎట్టా మార్కులేస్తారు?"

"ఇడ్లీ తెస్తా ఉండు. పొద్దున్నుంచీ ఏం తినలా."

"నాకొద్దు. కూర్చో."

"వేడిగా ఉన్నాయి, అక్కడ..."

"కూర్చో నాన్నా. రెండో రోజు నాచేత ఫోన్ చేయించారు. చుండూరు దగ్గర ఒకావిడ, పొలం పనులు చేసుకునే మనిషి. కూతురికి కాన్పు కష్టమై తల్లీబిడ్డా ఇద్దరూ పోయారంట. నేను పేరడిగాను, అంతే, ఏడుపు మొదలుపెట్టింది. నేను ఊరుకో అమ్మా, ఊరుకో అన్నాను. ఎవరైనా అంటారుగా."

"అంటారు."

"పక్కన కూర్చున్న ట్రైనింగు మేడం నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఫోన్ పెట్టేశాక ఏమందో తెలుసా? ఓదార్చొద్దు జెస్సీ, ఓదారిస్తే ఆగిపోతారు అంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ రికార్డింగు అందరికీ వినిపించారు. బిర్యానీ తింటా విన్నారు. ఆవిడ మధ్యలో ముక్కు చీదింది. ఒకాయన మూలగ ఎముక పీలుస్తా, ఆ ముక్క బాగుంది, ఉంచండి అన్నాడు. నాకు వాంతొచ్చింది నాన్నా. నిజంగానే వెళ్ళి కక్కుకున్నా. తిరిగొచ్చేసరికి రెండో ముక్క వేసుకుంటున్నాడు."

"నెమ్మదిగా మాట్లాడు. మన గుడి ఏసమ్మ వస్తంది ఇటు."

"ఏం మాస్టారూ, అమ్మాయిని సాగనంపుతున్నారా?"

"అవును ఏసమ్మా. నువ్వెక్కడికి?"

"గుంటూరు, కళ్ళాసుపత్రికి. ఏమే జెస్సీ, మొహం అట్టా పెట్టావేంటి? మన సంఘంలోంచి టీవీ ఆఫీసుకి వెళ్ళే మొదటిదానివి. ఆ రాత్రి సీరియల్లో అత్తగారు ఎప్పుడు చస్తదో కనుక్కుని ఫోన్ చెయ్యి తల్లీ. మా కోడలు మరీ మరీ అడగమంది."

"అట్టాగే అత్తా."

"దేవకుమారి రాలేదేం?"

"అమ్మకి మోకాళ్ళ నొప్పులత్తా. మెట్లెక్కలేదని మేమే రావద్దన్నాం."

"పోన్లెండి. హర్ష ఉంటే చెల్లెలి పెట్టె వాడే మోసేవాడు. మొన్న వాడి జ్ఞాపకార్థ కూడికలో మీరు చెప్పిన సాక్ష్యానికి మా ఆడాళ్ళలో ఏడవని మనిషి లేదు మాస్టారూ. మీరన్నట్టు ప్రార్థన చేసుకుని, తండ్రి దీవెన తీసుకుని బయల్దేరిన బిడ్డ. ఆ సూర్యలంక సముద్రానికి కళ్ళు లేవు. సర్లే, ప్రయాణం ముందు ఆ మాటలెందుకు. నా బండి అటువైపంట, వస్తా. దుప్పటి పెట్టుకున్నావుగా జెస్సీ?"

"పెట్టుకున్నానత్తా."

"ప్రభువు తోడుండుగాక. వస్తా మాస్టారూ."

"మంచిది ఏసమ్మా."

"వెళ్ళిందా?"

"వంతెన ఎక్కతంది."

"అసలు సంగతి ఇంకా చెప్పలేదు నాన్నా."

"ఇంకేముంది చెప్పడానికి? పని మంచిది కాదంటావు. ఏ ఉద్యోగంలో మంచీ చెడూ లేదు? ఆర్నెల్లు చేసి, ఇంకోటి చూసుకుని మానెయ్యొచ్చు. బీయస్సీ చదివి నాలుగేళ్ళుగా ట్యూషన్లు చెప్పుకుంటన్నావు."

"మూడో రోజు ఒక లిస్టిచ్చారు. ముందు ఈ అయిదు కుటుంబాలు, చేరిన వారంలోనే వీళ్ళని ఒప్పించాలి అన్నారు. నాలుగోది మనది."

"మనదంటే?"

"'రేపల్లె. రిటైర్డు టీచరు. పాతికేళ్ళ కొడుకు సముద్రంలో పోయాడు. మూడేళ్ళయింది.' పక్కన మార్కులు. పదికి తొమ్మిది."

"మూడేళ్ళయితే తగ్గించాలన్నావుగా."

"తగ్గించాలి. ఎందుకు తగ్గించలేదో అది కూడా రాశారు. 'ఆ రోజు పొద్దున తండ్రి కొట్టాడు. మట్టల ఆదివారం పూట గుడికి రాకుండా స్నేహితులతో బాపట్ల పోతావా, పో, మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దు అన్నాడు. ఈ సంగతి బయట ఎవరికీ తెలియదు.' అట్టా రాసుంది. నువ్వన్న మాట అన్నట్టే ఉంది నాన్నా, ఒక్క అక్షరం పోకుండా."

"ఆ నీళ్ళ సీసా ఇటివ్వు."

"నీ చేతిలోనే ఉంది."

"ఆ."

"మేడం నవ్వుతా అంది. మీ నాన్నగారి సంతకం నువ్వే తెచ్చుకుంటే సుఖం జెస్సీ, ఇంట్లో పిల్లవి కాబట్టి కాదనరు అంది. అప్పుడర్థమైంది. నాకన్నా ఎక్కువ మార్కులొచ్చిన పిల్లలు పదిమంది వచ్చారు ఇంటర్వ్యూకి. నాకెందుకిచ్చారా అని ఆ రోజే అనుమానం వచ్చింది. ఉద్యోగం నాక్కాదు, అన్నయ్య చావుకిచ్చారు."

"అట్టా అనకు."

"ఎట్టా అనాలి మరి? ఆ పొద్దున వంటింట్లో మనం నలుగురమే ఉన్నాం. అన్నయ్య లేడు. నేను చెప్పలా. అమ్మ ఆ రోజు ఊసెత్తితేనే లేచి పెరట్లోకి పోయిద్ది. ఇంకెవరు చెప్పారు?"

"రైలు పది నిమిషాలు ఆలస్యమంట. మైకులో చెప్తన్నారు, విను."

"నాన్నా."

"విననీ..."

"నాన్నా, నా వంక చూడు. నువ్వు చెప్పావా?"

"నీ దరఖాస్తులో నా నంబరు రాశావు. ఉద్యోగం ఖాయం కాకముందు వాళ్ళాఫీసు నుంచి ఒక పిల్ల ఫోన్ చేసింది. నీ గురించి కనుక్కోవాలంది."

"చెప్పావా?"

"చెప్పా."

"మొత్తం?"

"మొత్తం. గంటకి పైనే మాట్లాడా. చార్జింగు అయిపోతే ప్లగ్గు దగ్గర నిలబడి మాట్లాడా."

"ఛీ."

"జెస్సీ..."

"ఛీ నాన్నా. వాళ్ళంటే ముక్కూ మొహం తెలీనోళ్ళు. అన్నం దగ్గర ఏడుపులు వింటారు, అది వాళ్ళ బతుకు. నువ్వు? ఏటా గుళ్ళో నిలబడి దీవించి పంపానని చెప్తావు. నీ పక్కన నేనూ అమ్మా తలొంచుకుని నిలబడతాం. నీ పరువు కోసం నిలబడతాం. అదే నోటితో ఫోన్లో నిజం చెప్పి నాకు ఉద్యోగం వేయించావా? కొడుకు పోయాడు, కూతురన్నా ఏసీలో కూర్చోవాలని బేరం పెట్టావా?"

"బేరం పెట్టలా."

"మరి ఇదేంటి?"

"రైలొస్తంది. పెట్టె తీసుకో."

"తీసుకోను. నేనెక్కితే రేపు మొదటి పని నీ సంతకం. వారం తిరక్కుండా నువ్వు స్టేజీ మీద, నేను కెమెరా వెనకాల. ఎంత ఏడుస్తావో నేను మార్కులెయ్యాలి. అది నీకు కావాలా?"

"నువ్వు వద్దంటే వద్దులే. కూర్చో."

"కోప్పడవా?"

"కూర్చోమ్మా."

రైలు వచ్చింది, రెండు నిమిషాలు ఆగింది, వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం ఖాళీ అయింది.

"పోయింది నాన్నా."

"పోనీ. రేపల్లె బండి ఇంకో గంటకుంది."

"అయ్యగారికి నేనే చెప్తాలే. పని నచ్చలేదంటా. నీ మాట రానివ్వను."

"ఏదో ఒకటి చెబుదాం."

"ఇప్పుడు చెప్పు. ఉద్యోగం కోసం కాకపోతే ఆ పిల్లకెందుకు చెప్పావు?"

"మామూలుగానే అడిగింది మొదట. పిల్లలెంతమందండీ అంది. ఇంకొకడుండేవాడమ్మా, సముద్రంలో పోయాడన్నా. అక్కడితో అందరూ అయ్యో అంటారు, మాట మార్చేస్తారు. నాకు అలవాటే. ఆ పిల్ల మార్చలా. ఆ రోజు పొద్దున మీకూ బాబుకీ మధ్య ఏం జరిగిందండీ అంది."

"అది వాళ్ళ పని నాన్నా. నాకూ అట్టా అడగమనే నేర్పారు. నువ్వు మాట్లాడతన్నంతసేపూ రాసుకుంటానే ఉంటది."

"తెలుసు. కీబోర్డు చప్పుడు వినపడతానే ఉంది. ఆగుదామనుకున్నా, ఆగలేకపోయా. మూడేళ్ళమ్మా. ఆ పొద్దుటి గురించి మీ అమ్మ అడగలా, అయ్యగారు అడగలా, నువ్వూ అడగలా. ఆ పిల్ల ఒక్కతే అడిగింది."